ట్యాంకు పక్కన బంతిపూలు

పెరడంతా ఎండిపోయినా సెప్టిక్ ట్యాంకు పక్కనున్న బంతి మొక్కలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. రిటైరైన బస్సు డ్రైవరు వాటిని భార్యకు చూపిస్తున్నాడు.

“చూశావా, ఎలా విరగబూశాయో. అంతా నా చేతి చలవ.”

“ఏమండీ, ఒక మాట చెప్తాను, చిన్నబుచ్చుకోకండి. మిగతా మొక్కలకీ మీరేగా నీళ్ళు పోసింది. అవెందుకు చచ్చాయి?”

“ఏమో. నేలలో బలం లేదేమో.”

“బాత్రూములో నీళ్ళు గుడగుడమంటూ వెనక్కి తన్నుతున్నాయి. ట్యాంకు మొన్ననేగా ఖాళీ చేయించాం, మళ్ళీ వాసనొస్తోంది. లోపల గోడ నెర్రెలిచ్చి, అంతా ఈ మొక్కల కిందికే ఊరుతోంది. ఇక కొత్తది కట్టించాల్సిందే.”

“అయితే నా చేతిలో ఏమీ లేదన్నమాట. నీకెప్పట్నుంచి తెలుసు?”

“మొదటి పువ్వు పూసినప్పట్నుంచి అనుమానమే.”

“అప్పుడే చెప్పొచ్చుగా.”

“ఆపరేషనయి ఇంటికొచ్చాక మీరు మొదటిసారి నవ్వింది ఆ రోజే.”

అతను వంగి, వాడిన పువ్వొకటి తుంచేశాడు.

“సరే, మేస్త్రీని రమ్మను. తవ్వేలోపు వీటిని కుండీల్లోకి మారుద్దాం.”

“కుండీల్లో బతుకుతాయంటారా?”

“బతుకుతాయి. నీళ్ళు మాత్రం నువ్వు పొయ్యి.”