తుఫానుని ఆఫీసుల చుట్టూ తిప్పిన రోజు

వ్యాను తెచ్చారు, సంతోషం. వంతెన మునిగేలోపు నన్ను ఊరు దాటించాలని మీ ఆరాటం, తెలుసు. ముందు ఈ అరుగు మీద కాస్త కూర్చోండర్రా. పాతికేళ్ళ కిందటి తుఫానులో ఈ ఊరిని కాపాడింది ఎవరనుకున్నారు?

"మీరే అయ్యుంటారు బాబాయ్," అన్నాడు లైన్‌మన్, వాచీ చూసుకుంటూ.

చూశావా, నీకే తెలుసు! ఆ రోజులే వేరురా. వీధికంతా ఒకటే రేడియో, తుఫాను వార్త చెబుతుంటే పసిపిల్లలు కూడా కిమ్మనేవాళ్ళు కాదు. సరే, పోలీసులు చెబితేగాని కరెంటు వాళ్ళు లైను తీయరు, లైను తీస్తేగాని ఫైరు వాళ్ళు పడవలు దింపరు, పడవలు దిగితేగాని ఆసుపత్రి వాళ్ళు రోగుల్ని కదపరు. అందరూ అందరి కోసం ఎదురుచూపులే! నేనేం చేశానో తెలుసా? నలుగురు ఆఫీసర్లనీ బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి బయట గొళ్ళెం పెట్టేశాను. పావుగంటలో పని తెమిలింది!

"నిజంగానా తాతా?" అన్నాడు వ్యాను డ్రైవరు.

ఇంకా విను. పడవలు చాల్లేదు. ఊళ్ళో తలుపులన్నీ ఊడబీకి తెప్ప కట్టాను. మూడు వేలమంది ఎక్కారు. చోటు మిగిలిందని ఆసుపత్రిని కూడా ఎక్కించాను, లోపల ఆపరేషన్ జరుగుతోంది, డాక్టరు చేతిలో సూది వణికితే ఒట్టు!

"మేడతో సహానా?"

మెట్లతో సహా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తుఫాను రానే వచ్చింది. ఎదురెళ్ళి చెయ్యి అడ్డం పెట్టాను. "ఊళ్ళోకి రావాలంటే నాలుగు ఆఫీసుల సంతకాలు కావాలమ్మా" అన్నాను. పాపం, పోలీసులేమో కరెంటాఫీసుకి పొమ్మన్నారు, అక్కడ పెద్దాయన భోజనానికెళ్ళాడన్నారు, ఫైరు వాళ్ళు రేపు రమ్మన్నారు. మూడు రోజులు తిరిగి తిరిగి, గాలంతా పోయి, ఉసూరుమంటూ సముద్రంలోకి వెళ్ళిపోయింది!

అందరూ పడీపడీ నవ్వారు. వాళ్ళతో వచ్చిన ఆసుపత్రి నర్సమ్మ మాత్రం చేతిలో పేర్ల లిస్టు మడిచింది. ఆ తుఫానప్పుడు ఆవిడ కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల.

"బాబాయ్, ఆ రోజు ఇల్లు కదలనని మీరు మొండికేస్తే మంచంతో సహా మోసుకెళ్ళాం. తలవైపు నేను, కాళ్ళవైపు ఈ లైన్‌మన్ వాళ్ళ నాన్న. నడుంలోతు నీళ్ళు. దారి పొడుగునా మీరు కళ్ళు తెరవలేదు, పిన్ని చెయ్యి వదల్లేదు. ఇవాళ నడిచొస్తారా, మంచం ఎత్తమంటారా?"

వీధి చివర అప్పుడే నీళ్ళు మెరుస్తున్నాయి. నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టాను.

"మంచం వద్దులేమ్మా. అప్పటికంటే బరువు పెరిగాను."