గంగక్క చుట్టకు నిప్పు

“గట్ల కాదవ్వా, బొటనేలుతోటి ఒత్తు. ఐదుసార్లు జల్దీ జల్దీ ఒత్తాలె. అప్పుడే దాని దీపం ఎలుగుతది.”

“ఒత్తుతనే ఉన్న. నా వేలు దానికి తెలుస్తలేదు.”

భద్రాచలానికి ఇవతల, అడవి అంచున, గోదావరి ఒడ్డు ఊరు. పాల్వంచ నుంచి సాయంత్రం బస్సుకు వచ్చిన పెద్దకూతురు పుష్పలత, తల్లి గంగక్క ముందు మూడు పొగ మిషన్లు, బ్యాటరీతో పొగనిచ్చే ఈ-సిగరెట్లు, పరిచి కూర్చుంది. కీళ్లవాతంతో గంగక్క వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకరపోయాయి, చుట్టకు అగ్గిపుల్ల గీసుకోవడం కూడా చేతకాదు. ఈ మూడింటిలో ఒక్కటీ నచ్చకూడదని ఆమె అప్పటికే తీర్మానించుకుని ఉంది. కళ్లు మిషన్ల మీద లేవు, వాకిట్లో తడిక మీద ఉన్నాయి.

“ఒకటి, రెండు, మూడు... ఆగినవేంది?”

“నొస్తుంది.”

“సరే, పక్కన పెట్టు. ఇది మొగపిల్లలు జేబులేస్కొని తిరిగేది. నీకు పనికిరాదని దుకాణంలనే అన్న నేను.”

“అన్నంక ఎందుకు తెచ్చినవ్?”

“మూడు తీస్కపోయి చూపెట్టు, పనికొచ్చింది ఉంచుకొని తక్కినయ్ తెచ్చియ్యమన్నడు మంగీలాల్. బస్టాండు కాడ సెల్‌ఫోన్లు బాగుచేస్తడు చూడు, ఆయన. అందరికీ చూపెట్టడు. వీటిని సర్కారు బందు పెట్టింది.”

“సర్కారు బందు పెట్టింది తెచ్చి నా నోట్ల పెడ్తవా? పోలీసులొస్తే?”

“నీ అసొంటి ముసల్దాన్ని ఎవరు పట్కపోతరు?”

“పట్కపోతే మంచిదేనాయె. ఠాణాల ఎవరో ఒకరు చుట్ట ముట్టిస్తరు.”

“నీ మాటలకేం తక్కువ లేదు. ఇగో, ఇది చూడు. పెన్ను లెక్కుంటది. దీనికి బటన్ లేదు. ఈ మూత తిప్పి, ఈ బుడ్డిల మందు కొన్ని చుక్కలు పోస్కోవాలె, అంతే.”

“మూత ఎవరు తిప్పుతరు?”

“నువ్వే.”

“పచ్చడి సీసా మూత తియ్యలేక వచ్చిపోయేటోళ్లను పిలుస్తున్న. ఈ చీమ తలకాయంత మూత నేను తిప్పుతనా?”

“వారానికోసారి నేనొచ్చి పోసిపోత.”

“నువ్వు పండుగకే రావు.”

“నాకు డ్యూటీ ఉండదా అవ్వా? క్యాంటీన్ల సెలవు ఇస్తరా? రాకుంటే ఇప్పుడు నీ ముందల కూసున్నది ఎవరు?”

“కోప్పడకు. నేను చేతుల సంగతి చెప్తున్న.”

“నేను గూడ చేతుల సంగతే చూస్తున్న. సరే, మూడోది. దీనికి మూత లేదు, బటన్ లేదు, పోసుడు లేదు. నోట్ల పెట్టుకొని ఉత్తగ పీలిస్తే చాలు.”

“జారుతుంది.”

“జారకుంటనే సైకిల్ ట్యూబు ముక్క తొడిగిచ్చిన. ఒకపారి చెయ్యేసి చూడు. లావుగున్నది. వేళ్లు ముడవకున్నా రెండు అరచేతుల నడుమ పట్టుకోవచ్చు.”

“చార్జింగు పెట్టాలంటివి కదా. ఆ వైరు సన్న పొక్కల దూర్చుడు నాతోటి కాదు.”

“దూర్చుడు లేదవ్వా. దగ్గరికి తెస్తే అదే పోయి అంటుకుంటది. అయస్కాంతం.”

“కరెంటు పోతే?”

“వచ్చినంక పెట్టు.”

“వానకాలం మనూర్ల కరెంటు పోతే ఎన్నడొస్తదో ఎవరికెరుక.”

“అవ్వా.”

“ఏంది?”

“నువ్వు వంకలు పెడుతున్నవ్.”

“నాకెందుకు వంకలు?”

“ఎందుకో నాకేం తెలుసు? మాటిమాటికి తడిక దిక్కు ఎందుకు చూస్తున్నవ్?”

“కోడి బయటికి పోయిందేమోనని.”

“కోడి నీ మంచం కిందనే ఉన్నది.”

“ఉన్నదా. ఉండనీ.”

“నువ్వు దుర్గ కోసం చూస్తున్నవ్.”

“దాని పేరెందుకు ఎత్తుతవ్ నా ముందల?”

“రోజూ ఇదే యాళకు వస్తది కదా, నీ చుట్ట ముట్టియ్యనీకి.”

“వస్తది. ముట్టిస్తది. పోతది. నేనేమన్న పిలుస్తున్ననా?”

“పిలవకున్నా వస్తుంది కదా. ఎదురింట్ల కిరాయికుండి, కూలికి పోయొచ్చి, నీ కాడికి వస్తుంది. రమణ పెండ్లామది అవ్వా. తమ్ముడు పోయి మూడేండ్లయినా కోడలితోటి ఒక్క మాట మాట్లాడకపోతివి.”

“ఇప్పుడు అదంతా ఎందుకు?”

“వరదల తమ్ముని పీనుగు దొరికిన నాడు, ఊరందరి ముందల దాన్ని ఏమన్నవో యాదికున్నదా?”

“యాదికి లేకుంట ఎట్లుంటది?”

“‘మేక కోసం నా కొడుకును నీళ్లల్లకు తోలినవ్, నీ మొహం నాకు చూపెట్టకు’ అన్నవ్.”

“అన్న. అనలేదంటున్ననా? గోదారి ఊర్లెకు వచ్చింది. అందరం గుట్టెక్కినం. చూడి మేక కొట్టంల కట్టేసే ఉన్నదని ఇదే ఏడ్చింది. వాడు దిగిండు. మేక ఈదుకుంట వచ్చింది. వాడు రాలే.”

“దుర్గ పొమ్మన్నదా?”

“పొమ్మనలే.”

“మరి?”

“వాడు ఎట్లైనా పోతుండె. ఆ మేకను పిల్లప్పటి సంది ఒళ్లె ఏస్కొని సాకిండు. అది కట్టేసి ఉన్నదంటే గుట్ట మీద నిలబడుతడా? నాకెరుకే.”

“ఎరుకైతే ఆ మాట దుర్గకు చెప్పొచ్చు కదా.”

“ఏ నోటితోటి చెప్పాలె? గంత మాట అన్న నోరే కదా ఇది. నాకు సిగ్గు పుష్పా. కొడుకు పోయిన బాధ ఒక దిక్కు, ఆ పిల్లను అన్న బాధ ఒక దిక్కు. రెండోదాన్ని ఎవరికి చెప్పుకోవాలె?”

“అది వచ్చినప్పుడు ఎట్లుంటది నీతోటి?”

“నాతోటి మాట్లాడదు. కోడితోటి మాట్లాడ్తది.”

“కోడితోటా?”

“అవ్. ‘కోడీ, పొద్దుగాల గంజి తాగినవా? కాళ్ల వాపు తగ్గిందా?’ అంటది.”

“నువ్వేమంటవ్?”

“నేను గూడ కోడికే చెప్త. ‘తగ్గలే కోడీ, రాత్రంతా నిద్రలేదు’ అంట. తెల్లారి తడిక కాడ నొప్పుల నూనె బుడ్డి పెట్టి ఉంటది.”

“నవ్వాలో ఏడ్వాలో తెలుస్తలేదు నాకు.”

“నవ్వు. కోడి గూడ నవ్వుకుంటదేమో.”

“గందుకే చెప్తున్న, ఈ మూడోది తీస్కో. ఎవరి ఆసరా లేకుంట నీ పొగ నువ్వు తాగుతవ్. ఇది మంచిదని నేననను, ఇది గూడ పొగనే. దవాఖానల డాక్టరు ఏ పొగా వద్దనే అన్నడు. కాని నువ్వు ఇడిచేదానివి కాదాయె. కనీసం అగ్గిపుల్ల గోస తప్పుతది.”

“నాకు వద్దు.”

“ఎందుకొద్దు? ఇంతకంటె అల్కటిది దునియాల లేదు.”

“నాకు పొగనే వద్దు.”

“ఏందీ?”

“నేను చుట్ట ఇడిచిపెట్టి రెండేండ్లాయె. ఆ ఏడు చలికాలం దగ్గు ముదిరింది చూడు, అప్పటి సంది.”

“రోజూ అది ముట్టిచ్చి నీ చేతుల పెడ్తున్నది కదా. అదేంది మరి?”

“అది తడిక దాటేదాక పట్టుకుంట. దాటంగనే నీళ్ల చెంబుల ముంచుత.”

“ఎందుకవ్వా?”

“చుట్ట మానేసిన అంటే అది ఏం పని మీద వస్తది చెప్పు. రమ్మననీకి నాకు మొహం లేదు. రానీకి దానికొక పనన్న ఉండాలె కదా. కట్ట ఇప్పి, మంచి చుట్ట ఏరి, తను ఒక గుక్క పీల్చి, రగిలినంక నా వేళ్లల్ల పెడ్తది. వేళ్లు నొయ్యకుంట పెడ్తది పుష్పా. నా కడుపున పుట్టినదానివి, నీకు గూడ గట్ల పెట్టరాదు. పుల్ల గీసినప్పుడు దాని మొహం అగుపిస్తది. రమణ ఉన్ననాడు ఈ ఇంట్ల తిరిగిన పిల్లనే అనిపిస్తది. పుల్ల ఆరిపోతది, అది పోతది. మళ్ల తెల్లారి పొద్దుగూకేదాక నేను చూసుకుంట కూసుంట. ఏడ్వకు. ఈ మూడు తీస్కపోయి మంగీలాల్‌కు ఇచ్చెయ్యి. మా అవ్వకు ఒక్కటి గూడ చేతగాలేదని చెప్పు.”

“మంగీలాల్‌కు చెప్పొచ్చు. దుర్గకు ఏం చెప్పాలె?”

“నడుమ దుర్గ ఎందుకొచ్చింది?”

“ఇవి నా అంతట నేను తేలే అవ్వా. దుర్గ తెమ్మన్నది.”

“దుర్గనా? ఇగ నా పీడ వదిలించుకుంటదా?”

“గట్ల మాట్లాడకు, విను. ఏన్కూరు కాడ శివకుమార్ అని ఒకాయన ఉన్నడు. మనోళ్లే. ట్రాక్టరు నడుపుతడు. పెండ్లాం జబ్బు చేసి పోయింది, ఒక ఆడపిల్ల. దుర్గను మారుమనువు చేసుకుంటనని ఏడాది సంది అడుగుతున్నడు. నేను పోయి చూసొచ్చిన. నెమ్మదస్తుడే.”

“నాకెవరు చెప్పలే.”

“ఎట్ల చెప్తది? అది గూడ కోడికే చెప్పాల్నా?”

“దుర్గ ఏమన్నది?”

“ఆయనంటే ఇష్టమే. ఆ పిల్లంటే ఇంకా ఇష్టం. కాని ఇయ్యాల రేపు అనుకుంట జరుపుతున్నది. ఎందుకే అని గట్టిగ అడిగితే, ‘అత్తమ్మ చుట్టకు నిప్పు ఎవరు పెడ్తరు వదినా?’ అన్నది.”

“గట్లన్నదా?”

“అవ్. ‘వేళ్లు వంగని ముసలామె చుట్ట పట్టుకొని చీకట్ల ఒక్కతె కూసుంటే, నేను ఆడ ఎట్ల అన్నం తింట’ అన్నది. పాల్వంచల ఏదో మిషనుంటదట, నొప్పుల చేతులకు గూడ అయ్యేది చూడు, అత్తమ్మకు చేతనైన నాడు నేను బస్సెక్కుత అన్నది. ఆయన ఇగ ఆగలేనని కబురు పంపిండు. ఈ వారంల ఏదో ఒకటి చెప్పకుంటే వేరే సంబంధం ఖాయం చేసుకుంటరట.”

“గందుకా ఇంత బందోబస్తు.”

“గందుకే. ఇప్పుడు ఏం చేద్దాం? ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామా? చుట్ట ఎప్పుడో మానేసినవని?”

“చెప్పకు.”

“చెప్తే దాని మనసు గూడ నిమ్మలమైతది కదా.”

“నీకు తెల్వదు. తాగని చుట్ట రెండేండ్ల సంది ఎందుకు పట్టుకుంటున్ననో దానికి అర్థం కాదా? దాని కోసమేనని తెలిస్తే ఇగ కదలదు. ఈ ఎదురింట్లనే ముసల్దైపోతది. దాని గుణం నాకెరుక.”

“మరెట్ల?”

“ఆ మూడోది ఇటు తే.”

“అవ్వా, నీ దగ్గుకు—”

“తే అంటున్న కదా. ఎట్ల పట్టుకోవాలె? గిట్లనా?”

“ఇంకొంచెం పైకి. రెండు అరచేతుల నడుమ. అవ్, గట్ల.”

తడిక తోసుకొని దుర్గ వచ్చింది.

“కోడీ, వదిన వచ్చినట్టున్నది. ఇంట్ల చాయపత్తా ఉన్నదా మరి?”

“రా దుర్గా, కూసో.”

“కూసోను వదినా, పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చిన. అగ్గిపెట్టె యాడున్నదే కోడీ?”

“అగ్గిపెట్టె వద్దు.”

“ఎందుకొద్దే కోడీ?”

“నీకే చెప్తున్న దుర్గా. కోడికి కాదు.”

“అత్తమ్మా...”

“ఇట్ల ముందలికి రా. మీ వదిన తెచ్చింది చూడు. బటన్ లేదు, మూత లేదు. గిట్ల పట్టుకునుడు, పీల్చుడు. చూసినవా, పొగొచ్చింది.”

“మెల్లగ అవ్వా. దగ్గుతున్నవ్, ఇగ చాలు.”

“నువ్వూకో పుష్పా. కొత్తది కదా, గొంతుల పట్టింది. రేపటికి అలవాటైతది.”

“కండ్లల్ల నీళ్లు కారుతున్నయ్ అత్తమ్మా.”

“పొగకు కారవా?”

“నీకు నిజంగ చేతనైతున్నదా? మంచిగ అలవాటయ్యేదాక నేను వస్త. దాని బదులు చుట్టనే ముట్టిస్త.”

“వద్దు. చేతనైతుంది. నీకొక మాట చెప్పాలె, నిలబడి విను. వాడు నువ్వు ఏడ్చినవని పోలే. నువ్వు నోరు మూసుకొని కూసున్నా పోతుండె. నేను వాణ్ని కన్నదాన్ని, నాకెరుక. ఆనాడు నిన్ను అనరాని మాట అన్న. మనసుల పెట్టుకోకు.”

“పెట్టుకుంటే రోజూ వస్తుంటినా అత్తమ్మా? వదినా, ఏన్కూరోళ్లకు నేను రానని చెప్పు.”

“ఏందే దుర్గా, మిషనొస్తే పోతనని నిన్ననే కదా ఫోన్ల అంటివి?”

“నిన్నటి మాట వేరు. అత్తమ్మ నాతోటి మాట్లాడింది. ఇగ నేను యాడికీ పోను. ఈడనే ఉంట, ఆమె కాళ్ల కాడ పడుంట.”

“ఎవరి కాళ్ల కాడ పడుంటవ్? ఆడ తల్లిలేని పిల్ల ఉన్నదట, పొద్దుగాల దానికి జడ ఎవరేస్తరు? నువ్వు నా ఇంటికి వచ్చేది చుట్ట ముట్టియ్యనీకి. నాకు ఇగ నీ నిప్పుతోటి పనిలేదు. రేపటి సంది రాకు బిడ్డా.”