మాస్టారికి టీకా

చొక్కా నిండా మట్టితో బడి నుంచి వచ్చిన మాస్టారు, భార్య అడగక ముందే నవ్వేద్దామనుకున్నాడు. ఆవిడే ముందు అడిగేసింది.

“ఏటండీ, ఎక్కడ పడ్డారు?”

“బడిలోనేనే. మశూచి టీకాలేసే ఆయనొచ్చేడు. పిల్లలు బెదిరిపోతన్నారని, నాకేటీ అవదు సూడండర్రా అని నా సెయ్యి సాపేను. సూది తగలకముందే కళ్లు తిరిగి ఇరుసుకు పడిపోనాను.”

“అయ్యో, పిల్లలు పారిపోనారా?”

“పారిపోడమేటి? నవ్వి నవ్వి, నాకన్నా తామే మొనగాళ్లమని తోసుకుంటూ ఏయించుకున్నారు. ఇన్నేళ్లు నేను సెప్పిన పాటాలకన్నా ఆ పడ్డమే బాగా ఎక్కింది.”

“పోనీలెండి, పనయ్యింది.”

“అయ్యింది. నా ఎనకాలే నడిసి నన్ను ఎక్కిరించే అసిరమ్మ కొడుకుంటే, నేనెలా పడ్డానో ఈది పొడుగునా పడి సూపించీవోడు. కిందటేడు ఆడికి ఈ మశూచే సోకి, అమ్మోరు పోసి పోనాడు గదా. అయినా ఇంటికొస్తూ అలవాటుకొద్దీ ఎనక్కి తిరిగి సూసేనే.”