పేర్లు పడేటప్పుడు వచ్చే పాట

మరమగ్గాల మిల్లులో పొద్దుటి షిఫ్టు దిగి, చెల్లెలు నేరుగా అన్న ఇంటికి వచ్చింది. అన్నదీ అదే మిల్లు. ఒంట్లో బాగాలేక సెలవులో ఉన్నాడు.

"మళ్ళీ వాయిదా అన్నావట."

"ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు చెబుతారు, వదినే. మిల్లు గేటు దగ్గరికొచ్చి నిలబడింది. రేపు ఆస్పత్రిలో చేరాలి, ఈయనేమో వచ్చే వారం చూద్దామంటున్నాడు, ఇక నా వల్ల కాదు, నువ్వే వెళ్ళి చెప్పు అంది."

"మీ వదినకేం, గోరంతలు కొండంతలు చేస్తుంది."

"గోరంతా? చెవి నరం మీద గడ్డన్నాడు డాక్టరు. తియ్యకపోతే మెదడు మీదికి పాకుతుందన్నాడు, ప్రాణానికే ముప్పన్నాడు. మొన్న మెట్ల మీద తూలిపడ్డావు. ఇప్పుడేమో గోడ పట్టుకుని నడుస్తున్నావట."

"గడ్డ తీస్తే చెవి కూడా పోతుందన్నాడు. అది చెప్పలేదా నీకు?"

"చెప్పింది."

"ఎడమది చిన్నప్పుడు జ్వరంలోనే పోయింది. మిగిలింది ఈ కుడిదొక్కటే. ఇదీ తీసి పళ్ళెంలో పెట్టమంటారు మీరంతా. సరేలే. అవునూ, నీ గొంతేమిటి, అలా బొంగురు పోయింది?"

"అలిసిపోయానన్నయ్యా. కాళ్ళు లాగేస్తున్నాయి."

"కూర్చో మరి. అక్కడ కాదు, ఇటు, కిటికీ వైపు. ఆ తెర కూడా లాగు. గది చీకటి కొట్టులా ఉంది."

"లాగాను. చాలా?"

"చాలు. పాటలు తెచ్చావా?"

"తెచ్చాను. అది కాదు, నిన్న వదిన తాళం చెవి మర్చిపోయి తలుపు బాదితే తియ్యలేదట?"

"నిద్రపోతున్నా."

"పక్కింటివాళ్ళు కూడా వచ్చి బాదారట."

"గాఢంగా నిద్రపోతున్నా. ఇంతకీ నేను చెప్పినవేనా తెచ్చింది? అందరూ పాడేసి పీల్చి పిప్పి చేసినవి కాదుగా?"

"కాదు మహానుభావా. ఎవరికీ తెలియని అనిమే పాటలు, అదే ఆ జపాను బొమ్మల కథల్లోవి, వెతుక్కురమ్మంటే, ఎవరికీ తెలియనివి నాకు మాత్రం ఎలా తెలుస్తాయి? గుడ్డెద్దు చేలో పడ్డట్టు వెతికాను. బస్సులో నిలబడి వెతికాను, అన్నం తింటూ వెతికాను. మా ఆయన నాకేదో పిచ్చి పట్టిందనుకుంటున్నాడు."

"పట్టించింది నేనే కదా. బొమ్మల కథ అయిపోయి పేర్లు పడటం మొదలవగానే లోకమంతా టీవీ కట్టేస్తుంది. అసలు పాట అప్పుడే వస్తుంది. నువ్వు రిమోటు మీద చెయ్యి వేశావంటే..."

"మొట్టికాయ. ఆ బొప్పి ఇంకా ఉంది, కావాలంటే చూడు."

"అందుకే నీకు పాటంటే ఏమిటో తెలిసింది."

"ఏం తెలిసింది, నా మొహం. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. 'ఆమె నాకు, ఆమె నాకు' అని పాడుకుంటూ తిరిగేవాళ్ళం. ఎవరో పాపం ప్రేమలో పడి కొట్టుకుంటున్నాడనుకున్నాను."

"జపాను మాటలో 'ఆమె' అంటే వాన, 'నాకు' అంటే ఏడవడం. చాలా ఏళ్ళకి తెలిసింది. ఏడ్చేది వానట."

"'ఛీఛీ' అంటే నాన్న, 'హహ' అంటే అమ్మ అని తెలిసినప్పుడు మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. నాన్న గుమ్మంలోకి రాగానే 'ఛీఛీ వచ్చాడు' అన్నావు నువ్వు."

"వీపు విమానం మోత మోగింది. ఆ భాషలో అది గౌరవమే అంటే విన్నాడా మనిషి?"

"అన్నయ్యా, ఆ పాటలే వినొచ్చు కదా. ఇష్టమైనవి నాలుగు వినేసి రేపు చేరిపో. ఈ కొత్తవెందుకు?"

"నీకు అర్థం కాలేదు పిచ్చుకా. తెలిసినవి తలలో ఉన్నాయి. చెవి పోయినా అవి పోవు, కావాలనుకున్నప్పుడల్లా లోపలే మోగుతాయి. ఆ తరవాత కొత్తది ఒక్కటి కూడా లోపలికి రాదు. తెలియనివన్నీ ఇప్పుడే విని దాచుకోవాలి. తలుపు మూసేలోపు ఎంత మోసుకోగలిగితే అంత."

"సరే, పెడతాను. ఇది ఓడలవాళ్ళ కథలోది. చూసేవాళ్ళు లేక సగంలోనే ఆపేశారట. కథ ఎటు పోయిందో ఎవరికీ తెలీదు, పాట మాత్రం మిగిలింది. విను."

"ఊఁ."

"ఎలా ఉంది?"

"బాగుంది. ఆ డప్పు చూడు, ఎలా కొట్టాడో. అచ్చం మన మగ్గాల మోతే."

"స్పీకరు మీద అరచెయ్యి ఎందుకు పెట్టావు?"

"ఊరికే. చేతికి ఆసరా."

"ఆసరాకి మంచం కోడు ఉందిగా. తియ్యి. ఇంకోటి పెడతాను. ఇది దీపస్తంభంలో దీపం పెట్టే ముసలామె కథ. కొడుకు పడవ తిరిగి రానప్పుడు వస్తుంది, ఒకే ఒక్కసారి. మళ్ళీ ఆ కథలో ఎక్కడా వాడలేదు. బస్సులో విని ఏడ్చేశాను. పక్కావిడ ఏమనుకుందో, లేచి చోటిచ్చింది."

"నువ్వు దేనికైనా ఏడుస్తావు."

"ముందు విను."

"ఊఁ. బాగుంది."

"పాట ఇంకా అవలేదు."

"తెలుసు. వింటూనే మాట్లాడుతున్నా."

"ఏం బాగుంది?"

"పాటే. పాట బాగుంది."

"పాడింది ఆడమనిషా, మగమనిషా?"

"ఆడయితేనేం మగయితేనేం? భావం చూడాలి."

"ఆ భావమేదో చెప్పు మరి."

"అన్నం పెట్టి మెతుకులు లెక్కపెట్టమన్నట్టుంది నీ వరస. బాగుందంటే బాగుందనుకో. ఆ ముసలామె బాధ తెలుస్తోంది. చాలా?"

"చాలు."

"నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకు. మాట్లాడేటప్పుడు అదేం అలవాటు?"

"ఏడుపొస్తే పెట్టుకుంటాను. నా నోరు, నా చెయ్యి."

"సరే సరే. మిల్లు సంగతులు చెప్పు. మేస్త్రీ ఏమైనా మారాడా?"

"కుక్కతోక వంకర పోతుందా? మొన్న కొత్తగా చేరినావిడ, ఆ హోరులో ఎవరికి వినపడుతుందిలే అని ఆయన్ని నానా మాటలూ అంది. ఆయన షెడ్డు ఆ చివర్నుంచి వచ్చి, అన్న మాటలన్నీ ఆవిడకే అప్పజెప్పాడు. మగ్గాల దగ్గర అందరం పెదాలు చూసే మాట్లాడుకుంటామని పాపం ఆవిడకి ఎవరూ చెప్పలేదు."

"నేనుంటే మొదటిరోజే చెప్పేవాణ్ణి. మేస్త్రీని తిట్టాలంటే గోడ వైపు తిరిగి తిట్టాలి. షెడ్డులో అదే మొదటి పాఠం."

"నువ్వుంటే. అదే నేనూ అంటున్నాను. నువ్వుండాలి కదా."

"మళ్ళీ మొదలెట్టావా?"

"ఎన్నిసార్లు తిరగనన్నయ్యా? వదిన నిద్రపోవట్లేదు. నీ ఊపిరి ఆడుతోందా లేదా అని చూసుకుంటూ కూర్చుంటోందట. నాకూ భయంగానే ఉంది. అమ్మా నాన్నా పోయారు. నువ్వూ పోతే నాకు పుట్టిల్లనేదే లేదు. పండినా ఎండినా వచ్చి కూర్చునేది ఇక్కడే కదా నేను."

"నాకు మాత్రం భయం లేదనుకున్నావా?"

"కోస్తారనా?"

"కత్తికి ఎవడు భయపడతాడు. మత్తిచ్చాక ఒళ్ళు ఎవడిదో ఏమో. నా భయమంతా లేచాకే. లేచి కళ్ళు తెరుస్తాను, మీరంతా చుట్టూ నిలబడి ఉంటారు, ఏదో అంటుంటారు. అంతా ఉంటుంది, ఏదీ చప్పుడు చెయ్యదు. గ్లాసు కిందపడితే గ్లాసు పడినట్టుండదు. నేను మాట్లాడితే నేను మాట్లాడినట్టుండదు. ఒక రకమైన బావి అనుకో. అందులో కూర్చుని పైకి చూస్తూ ఉండాలి."

"చాలా తెలిసినట్టు చెబుతున్నావు."

"ఆలోచిస్తే తెలుస్తుంది. పనేముంది నాకు, ఆలోచించడం తప్ప?"

"డాక్టరుతో చెప్పావా ఇదంతా?"

"డాక్టరుకి చెవి కావాలి, గడ్డ కావాలి. పాటలు ఆయనకెందుకు? నువ్వొక పని చెయ్యి. ఇంకొన్ని వెతుక్కురా. ఇలాంటివే, ఎవరూ పట్టించుకోనివి. అవి విన్నాక చేరతాను. ఒట్టు."

"కిందటిసారీ ఇదే ఒట్టు."

"ఈసారి నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెందుకు, నాకు పిల్లలున్నారు. నా వల్ల కావట్లేదన్నయ్యా. రేపు పొద్దున్న నేను సెలవు పెట్టి వస్తాను. ఆటో మాట్లాడతాను. వదినా నేనూ చెరో పక్కా పట్టుకుంటాం. రా."

"రేపు వద్దు."

"ఎందుకు వద్దు?"

"ఎందుకేమిటి? ఈ చెవి ఉన్నన్నాళ్ళు ఉండనీ పిచ్చుకా. పాటల సంగతి వదిలెయ్యి. మీ వదిన వంటింట్లోంచి పిలుస్తుంది. నువ్వొచ్చి ఇలా సణుగుతావు. అవి వినకుండా బతికి నేనేం చేసుకోను?"

"నా గొంతు వినపడుతోందా నీకు?"

"వినపడకపోతే ఇంతసేపూ ఎవరితో మాట్లాడుతున్నాననుకున్నావు?"

"గుమ్మంలోకి వచ్చినప్పటి నుంచీ నేను గొంతే విప్పలేదన్నయ్యా. మగ్గాల దగ్గర మాట్లాడినట్టు ఉత్త పెదాలే కదుపుతున్నాను."