తీసేసిన మాట

కాదక్కా, మీరే చెప్పండి, ఒక్క మందు మీద నాలుగు వేల పరిశోధన పేపర్లు దొరికాయంటే అది నా తప్పా? ప్రపంచంలో అంతమంది రాశారు మరి!

కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతుంది. ఇటు రండి. పిల్లల వార్డు హెడ్ నర్సు ఈ లైబ్రరీ మెట్లెక్కడం ఇన్నేళ్లలో ఇదే మొదలు. ఎందుకొచ్చారో నాకు తెలుసులెండి.

మీ పెద్ద డాక్టరుగారు కూడా ఇలాగే వచ్చారు. "జ్వరానికిచ్చే ఈ ఇంజెక్షన్ పిల్లలకి మంచిదా కాదా, ఇంతవరకూ ఎవరెవరు పరీక్షించారో అంతా వెతికిపెట్టమ్మా. అన్నీ చదివి ఒక మాట తేలుస్తాం" అన్నారు. వెతకడమంటే కంప్యూటర్‌లో ఒక పేరు కొట్టి చూడటమా అక్కా? ఆ మందుకి ఒక్కో దేశంలో ఒక్కో పేరు. ముప్ఫై ఏళ్ల కిందట ఇంకో పేరు. మూడు వారాలు కూర్చుని ఆ మాటలన్నీ ఏరాను. అన్నం తింటున్నా అవే!

తీరా ఇస్తే ఏమన్నారు? "ఇన్ని ఎవరు చదువుతారమ్మా? సోమవారానికి వెయ్యి చెయ్యి."

అదేమన్నా చొక్కానా, పొడుగైందని కత్తిరించడానికి? అన్నాను కూడా, అనలేదనుకోకండి. "మీరు వెతికిపెడితే చాలమ్మా" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

సరే, తీశాను. వెతికే మాటల్లోంచి ఆ ముప్ఫై ఏళ్ల నాటి పాత పేరు ఒక్కటి తీసేస్తే పదకొండు వందలకి దిగింది. ఆయన మురిసిపోయారు. వాటిని చదివి వాళ్లు రాసిన పేపరు జర్నల్‌లో అచ్చయింది. ఇంజెక్షన్‌తో భయమేమీ లేదని రాశారు. మీ వార్డులో మొదలుపెట్టారు.

మొన్న క్యాంటీన్‌లో మీ సిస్టర్లు అనుకుంటుంటే విన్నాను, ముగ్గురు పిల్లలకి వినపడటం లేదని. టీ అక్కడే వదిలేసి పైకొచ్చి, ఆ పేరు కలిపి మళ్లీ వెతికాను. రెండు పాత పేపర్లు అక్కా. రెండిట్లోనూ చెవుల సంగతే.

ఆయన దగ్గరికి పరుగెత్తాను. "చిన్నవమ్మా అవి, పాతవి" అన్నారు. జర్నల్ వాళ్లకి రాశాను. దిద్దమని పేపరు రాసినవాళ్లే అడగాలట! నాలా చివర కృతజ్ఞతల్లో ఉన్న పేరు లెక్కలోకి రాదట. ఇంకెవరి దగ్గరికి వెళ్లను?

ఇవిగో, ఆ రెండూ ప్రింటు తీశాను. తీసుకెళ్లండి. ఇకనైనా ఆపుతారేమో.

అయ్యో, ఆయన్ని తిట్టకండక్కా. వద్దు.

ఏ మాట తీయాలో ఆయన చెప్పలేదు. అది నేనే ఎంచాను. తీసేముందు ఆ పేరుతో వచ్చినవాటిని పైపైన తిరగేసి చూస్తే సరిపోయేది. ఒక్క పూట పని. టైము లేక కాదు. అప్పటికి విసుగొచ్చేసింది, ఇంటికి వెళ్లిపోయాను.

అంతే అక్కా.