రెండువందల పద్నాలుగో గుమ్మడికాయ

ఫిల్మ్‌నగర్‌లో పాత సినిమాల సామాను దాచిన ఓ మ్యూజియం కొత్త భవనానికి మారుతోంది. ఆ సామాను సర్దడానికి వేసవి సెలవుల్లో కాలేజీ పిల్లల్ని పెట్టుకున్నారు. నిన్నటితో సర్దడం అయిపోయింది. ఇవాళ పొద్దున సరిచూస్తే రెండువందల పద్నాలుగో వస్తువు లేదు. అదొక గుమ్మడికాయ. ఎప్పుడో ఏదో సినిమా కోసం కాగితపు గుజ్జుతో చేసి రంగులేసింది, చూస్తే పాదు నుంచి కోసుకొచ్చినట్టే ఉంటుంది. దాన్ని సర్దాల్సింది వందన. సాయంత్రంలోగా దొరక్కపోతే సర్టిఫికెట్ రాకపోగా దొంగ అన్న పేరు వచ్చేలా ఉంది. పాపం, ఏడుపు ఆపుకుంటూ మ్యూజియం ఎదురుగా ఉన్న మనోజక్క టీకొట్టుకొచ్చి కూర్చుంది.

అక్కడ ఋత్విక్ అప్పటికే కోతలు మొదలెట్టేశాడు. వాడూ ఆ పనికి కుదిరినవాడే, ఇవాళ మాత్రం డుమ్మా కొట్టాడు.

“నేను లేకపోతే ఆ మ్యూజియం కదిలేదే కాదక్కా! మొదటిరోజు కిరీటాలకి బబుల్ షీటు చుట్టమన్నారు, చుట్టాను. రెండోరోజు సింహాసనం. ఆరుగురు పట్టినా లేవలేదు, నేను ఒంటిచేత్తో లేపి లారీలో పెట్టాను.”

“మరి రెండో చెయ్యి ఏం జేసింది?” అంది మనోజక్క టీ వడకడుతూ.

“ఫోన్ పట్టుకుంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? లారీకి బ్రేకులు ఫెయిలై వాలు మీద జారిపోతోంది, డ్రైవర్ దూకేశాడు, నేను వెనక బంపర్ పట్టుకుని ఆపి, ఇక వదలడమెందుకని చెక్‌పోస్టు దాకా ఎదురెక్కించి లాక్కొచ్చేశాను. సిగ్నల్ దగ్గర పోలీసు నన్ను లైసెన్సు అడిగాడు!”

“లారీకి కాదు బిడ్డా, నీ నోటికి లేవు బ్రేకులు.”

“నమ్మవా? నిన్నటి సంగతి విను. షూటింగ్ ముగిస్తే దిష్టి తీసి గుమ్మడికాయ కొడతారా లేదా? ఇంత పెద్ద పని ముగిస్తే ఒక్కరికీ పట్టదే! మ్యూజియంలో ఓ బల్ల మీద కాయ కనబడింది. పది కిలోలుంటుంది, నా చేతికి దూదిలా లేచింది. ఇదిగో, ఈ కొట్టు ముందే, ఒక్క దెబ్బ! యూసుఫ్‌గూడలో కిటికీలు అదిరాయి. గింజలు కూడా ఆవిరైపోయాయంటే చూసుకో!”

వందన టీ గ్లాసు కింద పెట్టేసింది.

“గింజ ఒక్కటీ పడలేదా?”

“తడి కూడా లేదు! అదీ నా దెబ్బంటే!”

“గీ ఒక్క ముచ్చట నిజమే,” అంది మనోజక్క. “పొద్దుగాల ఊడ్చింది నేనే. గింజ లేదు, తడి లేదు, అన్నీ కాగితం పెంకులే. ఏందో అని సంచిల ఏసి పెట్టిన.”

సంచి తెచ్చి విప్పింది. ఒక పెంకుకి 214 నంబరు చీటీ ఇంకా అంటుకునే ఉంది.

వందనకి ఒళ్లు మండింది. “పద, ఇదే కథ మ్యూజియం చూసుకునే త్రిపురసుందరి మేడమ్‌కి చెబుదువుగాని.”

ఋత్విక్ దిగ్గున లేచి వెనక్కి జరిగాడు. “అబ్బే, నేను కొట్టలేదు వందనా! చెయ్యి జారింది, దానంతటదే పగిలింది. అంత బలం నాకెక్కడిది?”

“సింహాసనం, లారీ వదిలెయ్. అవి ఆవిడ నమ్మరు. ఇది నమ్ముతారు.” సంచి తీసి వాడి ముందు పెట్టింది. “రెండు చేతులతో పట్టుకో. ఫోన్ తర్వాత మాట్లాడుకోవచ్చు.”