తట్టినా పలకని తొర్ర

పశ్చిమ ఆస్ట్రేలియాలో కోతకొచ్చిన గోధుమ చేను. నడిమధ్యన ఓ ముసలి యూకలిప్టస్ చెట్టు. దాని కింద రంపం పట్టుకుని నిలబడిన భర్తకు, సాయంత్రం భార్య ఫ్లాస్కులో టీ తెచ్చింది.

“రంపం ఎందుకు?”

“రేపు కోత యంత్రం దిగుతోంది. ఈ చెట్టు అడ్డం.”

“పైన తొర్రలో నల్ల కాకతువా చిలుకల గూడుంది కదా!”

“ఖాళీ. మీ నాన్న చెప్పినట్టే కర్రతో చెట్టు మొదలును తట్టాను. ఆడపక్షి ఉంటే ఎవరా అని తల బయటపెట్టాలి. పెట్టలేదు.”

“అది గుడ్డు పొదిగేటప్పటి మాట. అప్పుడు మగది తెచ్చిపెడితే తిని కూర్చునేది. ఇప్పుడు పిల్ల ఎదిగింది. దాని ఆకలికి ఒక్కదాని సంపాదన చాలదు, రెండూ మేతకు పోతాయి.”

“మరి పిల్లైనా పలకాలిగా?”

“రాత్రి అలిగి షెడ్డులో పడుకున్నావు. తలుపు తట్టాను, పలికావా? ఖాళీ అనుకుని షెడ్డు కూల్చేయనా?”

ఆమె తట్టినప్పుడు అతను మెలకువగానే ఉన్నాడు. ఆ సంగతి చెప్పకుండా టీ ఊదుకున్నాడు.

పొద్దు వాలుతుండగా, తోకల్లో తెల్లపట్టీలున్న నల్లపక్షుల జంట ఏడుపులాంటి కూతతో వచ్చి కొమ్మమీద వాలింది. వెంటనే తొర్రలోంచి ఆకలి కేక.

“విన్నావా?”

“ఆ, విన్నాను. యంత్రాన్ని చెట్టు పక్కనుంచి తిప్పుతాలే.”

అతను రంపాన్ని బండిలో పడేశాడు.

“ఇంతకీ రాత్రి ఎందుకు తట్టావు?”

“నీకు తిండి తెచ్చాను. పలకలేదుగా, కుక్కకు పెట్టేశాను.”